షేర్ తిరిగి లేచింది, సెషన్ లేవలేదు: రిమోట్ డెస్క్‌టాప్ ప్రొఫైళ్ల నిల్వపై ఒక కేస్ స్టడీ

రిమోట్ డెస్క్‌టాప్ వ్యవస్థలో సెషన్ హోస్టు (వినియోగదారుల డెస్క్‌టాప్‌లు నడిచే సర్వర్) ఒకటి పాడైతే వినియోగదారుడు మరోదానిలోకి లాగిన్ అవుతాడు. ఎవరిని ఏ హోస్టుకు పంపాలో చెప్పే బ్రోకర్ పాడైతే దానికి జంటగా మరో బ్రోకర్ ఉంటుంది. బయటి నుంచి వచ్చేవారిని లోపలికి చేర్చే గేట్‌వే పాడైతే, రద్దీని పంచే లోడ్ బ్యాలన్సర్ వేరే దారి చూపుతుంది. వీటన్నింటికీ జోడీలు ఏర్పాటు చేసి, అందరి ప్రొఫైళ్లనూ (ఒక్కొక్కరి సొంత ఫైళ్లు, సెట్టింగులు) మాత్రం ఒకే ఒక్క ఫైల్ సర్వర్‌లో పెట్టి నిశ్చింతగా ఉన్న వ్యవస్థలను నేను చాలానే చూశాను. ఇక్కడ వివరించబోయేది అలాంటిదే. దానిని సరిచేసే క్రమంలో మేము చేసిన పొరపాట్లను కూడా దాచకుండా రాస్తున్నాను.

ఉన్న ఏర్పాటు, జరిగిన నష్టం

ఆ సంస్థలో సుమారు 300 మంది ఉద్యోగులు విండోస్ సర్వర్ 2019 మీద నడిచే 12 సెషన్ హోస్టుల్లో రోజంతా పనిచేసేవారు. ఎవరు ఏ హోస్టులోకి వెళ్లాలో బ్రోకరే నిర్ణయిస్తుంది కాబట్టి వారి డెస్క్‌టాప్, బ్రౌజర్ సెట్టింగులు, ఔట్‌లుక్ కాష్ వంటివన్నీ వారి వెంటే రావాలి. అందుకు ఎఫ్ఎస్‌లాజిక్స్ ప్రొఫైల్ కంటైనర్లను వాడుతున్నారు. మైక్రోసాఫ్ట్ 2018లో సొంతం చేసుకున్న ఈ సాధనం, పాత రోమింగ్ ప్రొఫైల్‌లాగా లాగిన్ సమయంలో ఫైళ్లన్నింటినీ కాపీ చేయదు. ఒక్కో వినియోగదారుడికి నెట్‌వర్క్ షేర్‌లో, అంటే ఫైల్ సర్వర్‌లో హోస్టులన్నీ చేరగల ఫోల్డర్‌లో, ఒక వీహెచ్‌డీఎక్స్ ఫైలు (వర్చువల్ డిస్కు) ఉంటుంది. కంటైనర్ అంటే ఇదే. లాగిన్ సమయంలో దానిని డిస్కులాగా తగిలిస్తుంది. లాగాఫ్ అయ్యేవరకు ఆ ఫైలు తెరిచే ఉంటుంది. లాగిన్ వేగంగా జరగడానికి కారణం ఇదే. ఫైల్ సర్వర్ కాసేపు పలకకపోతే అందరికీ ఒకేసారి దెబ్బ తగలడానికి కారణమూ ఇదే. రోమింగ్ ప్రొఫైళ్ల కాలంలో సర్వర్ మధ్యాహ్నం ఆగిపోతే లాగాఫ్ వేళదాకా చాలామందికి ఆ సంగతే తెలిసేది కాదు. కంటైనర్ పద్ధతిలో వినియోగదారుడి రిజిస్ట్రీ హైవ్ (విండోస్ సెట్టింగులు ఉండే ఫైలు) సైతం ప్రతి క్షణం నెట్‌వర్క్‌కు అవతలే ఉంటుంది.

ఒక పనిదినం ఉదయం ఆ ఫైల్ సర్వర్ అప్‌డేట్ల కోసం రీబూట్ అయింది. రాత్రికి పెట్టవలసిన షెడ్యూలు పొరపాటున పగటికి పడింది. సర్వర్ పది నిమిషాల్లోపే తిరిగి లేచింది. అప్పటికే పనిలో ఉన్నవారి సెషన్లలో స్టార్ట్ మెనూ తెరుచుకోలేదు, ఔట్‌లుక్ బిగుసుకుపోయింది, కొందరి సెషన్లను బలవంతంగా ముగించవలసి వచ్చింది. అయితే అసలు నష్టం వీరిది కాదు. ఆ పది నిమిషాల్లో కొత్తగా లాగిన్ అయినవారికి తాత్కాలిక ప్రొఫైల్ వచ్చింది. అది చూడటానికి మామూలు డెస్క్‌టాప్ లాగే ఉంటుంది, ఐకాన్లు మాత్రం కనిపించవు. వారు కాస్త విసుక్కుని పని మొదలుపెట్టి, తయారుచేసిన ఫైళ్లను అలవాటు ప్రకారం డెస్క్‌టాప్ మీదే సేవ్ చేసుకున్నారు. సాయంత్రం లాగాఫ్ కాగానే ఆ ప్రొఫైల్‌తో పాటు ఆ రోజు పని కూడా చెరిగిపోయింది. సర్వర్ ఆగిన ఉదయం వచ్చిన ఫిర్యాదుల కంటే, మర్నాడు ఉదయం వచ్చినవాటికి జవాబు చెప్పడమే మాకు కష్టమైంది.

అందువల్ల నిల్వ సంగతి ముట్టుకోకముందే మేము చేసిన మొదటి పని రెండు రిజిస్ట్రీ సెట్టింగులు మార్చడం. ప్రివెంట్‌లాగిన్‌విత్‌ఫెయిల్యూర్, ప్రివెంట్‌లాగిన్‌విత్‌టెంప్‌ప్రొఫైల్ అనే ఈ రెండింటి విలువనూ 1 చేస్తే, కంటైనర్ తగలనప్పుడు వినియోగదారుడికి డెస్క్‌టాప్ బదులు ఒక సందేశం, సైన్ అవుట్ బటన్ మాత్రమే కనిపిస్తాయి. లోపలికి రానివ్వకపోవడం కఠినంగా అనిపిస్తుందని సంస్థలో కొందరు అభ్యంతరం చెప్పారు. లోపలికి రానిచ్చి, పని చేయించుకుని, చివరికి దానిని చెరిపేయడం కంటే కఠినమైనది ఏముంటుందని నా ఉద్దేశం. నిల్వ ఎంత పటిష్ఠంగా ఉన్నా ఈ రెండు సెట్టింగులూ ఉండి తీరాలి.

మాకంటే ముందు చేసిన ప్రయత్నం

మేము వెళ్లేసరికే అక్కడి బృందం ఒక పరిష్కారం మొదలుపెట్టి ఉంది. రెండో ఫైల్ సర్వర్‌ను నిలబెట్టి, రెండింటి మధ్య డీఎఫ్ఎస్ రెప్లికేషన్ (ఒక సర్వర్‌లోని ఫైళ్లను మరోదానికి పంపే విండోస్ సదుపాయం) పెట్టి, పైన రెండింటికీ ఉమ్మడి దారి పేరుగా ఒక నేమ్‌స్పేస్ ఉంచి, దాని వెనుక రెండు సర్వర్లనూ ఎనేబుల్ చేశారు. కాగితం మీద చూస్తే ఇది ముచ్చటగానే ఉంటుంది: ఒకే దారి, రెండు సర్వర్లు, ఒకటి పోతే మరొకటి. ప్రొఫైళ్లకు ఇది ఎందుకు పనికిరాదో కాస్త విపులంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే ఈ ఆలోచన దాదాపు ప్రతి చోటా ఎవరో ఒకరికి వస్తూనే ఉంటుంది.

డీఎఫ్ఎస్ రెప్లికేషన్ తెరిచి ఉన్న ఫైలును పంపదు. మూసిన తరువాతే పంపుతుంది. ప్రొఫైల్ కంటైనర్ పొద్దున తెరిస్తే సాయంత్రమే మూతపడుతుంది. కాబట్టి మధ్యాహ్నం మొదటి సర్వర్ పడిపోతే రెండో సర్వర్‌లో ఉండేది నిన్న సాయంత్రపు ప్రతి. డిస్‌కనెక్ట్ చేసి వదిలేసి రోజుల తరబడి లాగాఫ్ కానివారి విషయంలో అది ఇంకా పాతది. అంతకంటే ప్రమాదకరమైనది, రెండు సర్వర్ల మధ్య ఫైలు లాక్ లేకపోవడం. ఒకే వ్యక్తి కంటైనర్ ఒక హోస్టులో మొదటి సర్వర్ నుంచి, మరో హోస్టులో రెండో సర్వర్ నుంచి ఏకకాలంలో తెరుచుకోగలదు. రెండూ మూతపడ్డాక ఏది చివరగా రాయబడిందో అది నెగ్గుతుంది. ఓడినది కాన్‌ఫ్లిక్ట్ అండ్ డిలీటెడ్ అనే ఫోల్డర్‌లోకి పోతుంది. ఆ ఫోల్డర్ కోటా డిఫాల్టుగా 4 జీబీ మాత్రమే. 18 జీబీల కంటైనర్ ఒకటి అందులోకి వెళ్లి నిలిచేది లేదు. ఆ సంస్థలో ఇద్దరి ప్రొఫైళ్లు సరిగ్గా ఇలాగే పోయాయి. వెతకడానికి వెళ్లేసరికి ఆ ఫోల్డర్‌లో వాటి జాడ లేదు.

రెప్లికేషన్ ఆపేశాక, వీహెచ్‌డీ లొకేషన్స్ సెట్టింగులో రెండు షేర్ల దారులూ రాస్తే సరిపోదా అని ఒకరు అడిగారు. ఆ జాబితా వెతికే క్రమం మాత్రమే. జాబితాలో రెండు దారులు ఉన్నంత మాత్రాన కంటైనర్ రెండు చోట్లా ఉండదు. ఒకే ప్రొఫైల్‌కు రెండు సజీవ ప్రతులు ఉంచే పని క్లౌడ్ కాష్‌ది. దానికి వాడే సెట్టింగు వేరు, దాని నడక వేరు.

క్లౌడ్ కాషా, క్లస్టరా

క్లౌడ్ కాష్‌ను నిజంగానే పరిశీలించాం. అందులో సెషన్ హోస్టు తన లోకల్ డిస్కులో కాష్ పెట్టుకుని, రాసిన ప్రతిదాన్నీ రెండు లేదా అంతకంటే ఎక్కువ నిల్వలకు వెనుక నుంచి పంపుతూ ఉంటుంది. ఒక నిల్వ పోయినా సెషన్ ఆగదు. దానికి చెల్లించే మూల్యం రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి, ప్రతి హోస్టులోనూ వేగమైన, తగినంత పెద్దదైన లోకల్ డిస్కు కావాలి. ఆ 12 హోస్టుల్లో అది లేదు. రెండు, లాగాఫ్ సమయంలో మిగిలిన రాతలన్నీ నిల్వలకు చేరేదాకా ఆగాలి. సాయంత్రం అందరూ ఒకేసారి బయలుదేరే చోట ఈ ఆలస్యం మీద ఆలస్యం పేరుకుంటుంది. రెండు దూర ప్రాంతాల మధ్య ప్రొఫైళ్లు నిలబెట్టవలసి వస్తే నేను ఇప్పటికీ క్లౌడ్ కాష్‌నే ఎంచుకుంటాను. ఒకే డేటా సెంటర్‌లో, ఒకే నెట్‌వర్క్‌లో ఉన్న వ్యవస్థకు మాత్రం నిల్వనే పటిష్ఠం చేయడం సూటి మార్గం.

కాబట్టి మూడు సర్వర్లతో విండోస్ ఫెయిలోవర్ క్లస్టర్ (ఒక సర్వర్ పోతే దాని పనిని మిగతావి అందుకునే కూటమి) కట్టి, వాటిలోని డిస్కులను స్టోరేజ్ స్పేసెస్ డైరెక్ట్‌తో ఒక్కటి చేసి, పైన స్కేల్ అవుట్ ఫైల్ సర్వర్ పాత్రను (ఒకే షేర్‌ను అన్ని సర్వర్ల నుంచీ అందించే ఏర్పాటు) ఉంచాలని నిర్ణయించాం. స్కేల్ అవుట్ ఫైల్ సర్వర్ 2012లో వచ్చినప్పుడు దాని ఉద్దేశం హైపర్‌వీ వర్చువల్ మెషీన్ల, ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌ల ఫైళ్లు. పెద్ద ఫైలును ఒకసారి తెరిచి ఎంతోసేపు ఉంచుకునే పనికి అది అనువైనది. వేల కొద్దీ చిన్న ఫైళ్లను తెరిచి మూసే పనికి అనువైనది కాదు. రోమింగ్ ప్రొఫైళ్లను, సామాన్య డాక్యుమెంట్ల ఫోల్డర్లను దాని మీద పెట్టవద్దనేది అందుకే. ప్రొఫైల్ కంటైనర్ మాత్రం దానికి వర్చువల్ మెషీన్ డిస్కు లాగే కనిపిస్తుంది కనుక ఈ జోడీ కుదురుతుంది.

లెక్కలు ఇలా వేశాం. కంటైనర్ గరిష్ఠ పరిమాణం డిఫాల్టుగా 30,000 ఎంబీ. 300 మందికి అది సుమారు 9 టీబీ. మూడు ప్రతుల మిర్రర్‌లో దానికి 27 టీబీ ముడి స్థలం కావాలి. డిస్కు పాడైనప్పుడు వెంటనే పునర్నిర్మాణం జరగడానికి సర్వరుకు ఒక డిస్కంత ఖాళీ అదనం. కంటైనర్లు డైనమిక్ కాబట్టి మొదటి రోజే అంతా నిండదు. అయితే ఒకసారి పెరిగిన ఫైలు లోపలి డేటా చెరిపినా దానంతట అది తగ్గదు. ఎఫ్ఎస్‌లాజిక్స్ 2210 వెర్షన్ నుంచి లాగాఫ్ సమయంలో కంటైనర్‌ను కుదించే సదుపాయం వచ్చింది, దానిని వాడుతున్నాం. వేగం విషయంలో మైక్రోసాఫ్ట్ సూచన ఒక్కో వినియోగదారుడికి మామూలు వేళ 10, లాగిన్ లాగాఫ్ వేళల్లో 50 ఐఓపీఎస్ (సెకనుకు చదివే, రాసే పనుల సంఖ్య). అంటే పగలంతా 3,000 చాలు. అందరూ ఒకేసారి వచ్చే ఉదయానికి 15,000 కావాలి. నిల్వను పగటి సగటు చూసి కొంటే ఉదయం తొలి అరగంటలోనే దొరికిపోతాం.

క్లస్టర్ నడవడానికి కావలసిన మెజారిటీ ఓట్లు, అంటే కోరం కోసం, మూడు సర్వర్లకు తోడు నాలుగో ఓటుగా ఫైల్ షేర్ విట్నెస్ పెట్టాం. అది ఈ క్లస్టర్ మీదే నడిచే వర్చువల్ మెషీన్‌లో ఉండకూడదన్నది చెప్పవలసిన అవసరమే లేదనుకునేవాణ్ణి, కాని మొదటి డిజైన్ పత్రంలో అది సరిగ్గా అక్కడే ఉంది.

తీగ పీకి చూసిన రోజు

క్లస్టర్ సిద్ధమయ్యాక వాలిడేషన్ రిపోర్టు అంతా పచ్చగా వచ్చింది. షేర్‌కు కంటిన్యువస్లీ అవైలబుల్ (సర్వర్ పోయినా తెరిచిన ఫైళ్లు కొనసాగాలి) అనే సెట్టింగు పెట్టాం. ఒక నోడ్‌ను (క్లస్టర్‌లోని సర్వర్‌ను) పద్ధతి ప్రకారం డ్రైన్ చేస్తే సెషన్లలో ఎవరికీ ఏమీ తెలియలేదు. బృందంలో అందరూ పని అయిపోయిందనుకున్నారు. డ్రైన్ చేయడం అంటే సర్వర్ ముందుగా చెప్పి, అన్నీ అప్పజెప్పి పక్కకు తప్పుకోవడం. నిజమైన వైఫల్యం చెప్పి రాదు. అందుకే ఒక సాయంత్రం పరీక్ష ఖాతాలతో 20 సెషన్లు తెరిచి, ఒక్కోదానిలో ప్రొఫైల్ లోపలి ఫైలుకు ప్రతి సెకనుకూ సమయాన్ని ఒక పంక్తిగా రాసే చిన్న స్క్రిప్టు నడిపించి, ఒక నోడ్ పవర్ కేబుళ్లు రెండూ పీకేశాం.

ఆ ఫైలులో 19:42:17 తరువాతి పంక్తి 19:43:31. అంటే 74 సెకన్లు. షేర్ అంతకు చాలా ముందే తిరిగి పలికింది. వేరే మెషీన్ నుంచి కొత్తగా తెరిస్తే వెంటనే తెరుచుకుంటోంది. కాని ముందే తెరిచి ఉన్న సెషన్లలో సగానికి పైగా బిగుసుకున్నాయి, నాలుగింటిలో ఎక్స్‌ప్లోరర్ కూలిపోయింది. మానిటరింగ్ తెరను మాత్రమే చూసే వ్యక్తికి ఆ సాయంత్రం సేవ ఆగిన సమయం ఇరవై సెకన్లలోపే. సెషన్ లోపల కూర్చున్న వ్యక్తికి అది నిమిషానికి పైన, కొందరికి ఆ రోజు పని. ప్రొఫైల్ నిల్వ లభ్యతను కొలవవలసినది తెరిచి ఉన్న ఫైలు హ్యాండిల్ (ఆ ఫైలు మీద సెషన్‌కు ఉన్న పట్టు) బతికిందా లేదా అన్న దానితోనే అని నాకు స్థిరపడింది ఈ పరీక్షతోనే.

కారణం వెతకడానికి రెండు రోజులు పట్టింది. విండోస్ ఫైల్ షేరింగ్ ప్రోటోకాల్ అయిన ఎస్ఎంబీ 3.0లో పారదర్శక ఫెయిలోవర్ (వినియోగదారుడికి తెలియకుండా మరో నోడ్‌కు మారడం) రెండు కాళ్ల మీద నడుస్తుంది. మొదటిది పర్సిస్టెంట్ హ్యాండిల్: సర్వర్ తాను తెరిచిన ఫైళ్ల స్థితిని డిస్కు మీద రాసి ఉంచుతుంది, కాబట్టి మరో నోడ్ దానిని అందుకుని కొనసాగించగలదు. రెండోది విట్నెస్ సేవ. కోరం విట్నెస్‌కూ దీనికీ సంబంధం లేదు, పేరు ఒకటే కావడం మన దురదృష్టం. క్లయింట్ (ఇక్కడ సెషన్ హోస్టు) ఒక నోడ్‌తో మాట్లాడుతూనే మరో నోడ్ దగ్గర తన పేరు నమోదు చేసుకుంటుంది. మొదటి నోడ్ చచ్చిపోతే ఆ కబురు రెండో నోడ్ చెబుతుంది. వెంటనే క్లయింట్ దారి మార్చుకుంటుంది. ఆ కబురు అందకపోతే క్లయింట్ టీసీపీ (నెట్‌వర్క్ కనెక్షన్) గడువు ముగిసేదాకా జవాబు చెప్పని సర్వర్ కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది.

క్లస్టర్ నోడ్ మీద గెట్ ఎస్ఎంబీ విట్నెస్ క్లయింట్ అనే ఆదేశం ఇస్తే, 12 హోస్టుల పేర్లు కనిపించవలసిన చోట ఒక్క పంక్తీ రాలేదు. సెషన్ హోస్టుల నెట్‌వర్క్‌కూ నిల్వ నెట్‌వర్క్‌కూ మధ్య ఒక ఫైర్‌వాల్ ఉంది. "445 పోర్టు తెరిచాం కదండీ, ఫైల్ షేరింగ్‌కు ఇంకేం కావాలి" అన్నారు నెట్‌వర్క్ విభాగం వారు. ఫైళ్లకు అది చాలు. విట్నెస్ మాత్రం ఆర్‌పీసీ అనే వేరే పద్ధతి మీద నడుస్తుంది. దానికి 135వ పోర్టు, దానితోపాటు డైనమిక్ పోర్టుల శ్రేణి కావాలి. నమోదు విఫలమైనా షేర్ మామూలుగానే పనిచేస్తుంది కాబట్టి ఈ లోపం ప్రమాదం జరిగేదాకా బయటపడదు. పోర్టులు తెరిచాక ఆ జాబితాలో 12 పేర్లూ వచ్చాయి. మళ్లీ కేబుళ్లు పీకితే పంక్తుల మధ్య ఖాళీ 22 సెకన్లకు తగ్గింది, ఒక్క సెషన్ కూడా కూలలేదు. ఆ 22 సెకన్లలో అధికభాగం, నోడ్ నిజంగానే పోయిందని క్లస్టర్ హార్ట్‌బీట్ల (నోడ్లు ఒకదానికొకటి పంపుకునే సంకేతాల) ద్వారా నిర్ధారించుకోవడానికి పట్టే సమయం. దానిని ఇంకా తగ్గించడానికి గడువులు మార్చవచ్చు గాని, నెట్‌వర్క్ కాస్త తడబడినప్పుడల్లా ఆరోగ్యంగా ఉన్న నోడ్‌ను బయటికి నెట్టే ప్రమాదం ఉంది. మేము ముట్టుకోలేదు.

తరువాత తేలిన సంగతులు

కంటిన్యువస్ అవైలబిలిటీ ఉచితంగా రాదు. అలాంటి షేర్ మీద ప్రతి రాతా రైట్ త్రూ అవుతుంది. మెమరీలో పెట్టుకుని తరువాత రాద్దామన్న వెసులుబాటు సర్వర్‌కు ఉండదు. పవర్ పోయినా డేటా నిలుపుకునే రక్షణ గల ఎంటర్‌ప్రైజ్ ఎస్ఎస్‌డీలు దీనిని సులభంగా తట్టుకుంటాయి. ఆ రక్షణ లేని చౌక డిస్కులు ఈ రకం రాతల ముందు దారుణంగా నెమ్మదిస్తాయి. పరీక్ష దశలో స్థలం కోసం తాత్కాలికంగా పెట్టిన మామూలు డిస్కుల వల్ల లాగిన్ నిమిషాల కొద్దీ సాగింది. వాటిని తీసేయగానే సర్దుకుంది. వాల్యూములను కూడా నోడ్‌కు ఒకటి చొప్పున మూడుగా విడగొట్టి, ఒక్కో విభాగానికి ఒక్కో షేర్ కేటాయించాం. స్టోరేజ్ స్పేసెస్ డైరెక్ట్‌లో రెఫ్స్ అనే ఫైల్ సిస్టమ్‌తో ఉన్న వాల్యూమ్‌కు వచ్చే రాతలన్నీ దాని యజమాని నోడ్ ద్వారానే సాగుతాయి కనుక, ఒకే వాల్యూమ్ పెడితే ఒక నోడ్ చెమటోడుస్తుంటే రెండు చూస్తూ కూర్చుంటాయి.

ఊహించని చిక్కు మరొకటి వచ్చింది. సర్వర్ పోతే హ్యాండిల్‌ను కాపాడే ఈ ఏర్పాటే, సెషన్ హోస్టు హఠాత్తుగా పోయినప్పుడు ఎదురు తిరుగుతుంది. చచ్చిన హోస్టు తిరిగి వస్తుందేమోనని సర్వర్ దాని హ్యాండిల్‌ను కొంతసేపు అట్టేపెడుతుంది. ఈలోగా ఆ వినియోగదారుడు వేరే హోస్టులో లాగిన్ అవబోతే కంటైనర్ లాక్ అయి ఉందన్న సందేశం వస్తుంది. ఎఫ్ఎస్‌లాజిక్స్ డిఫాల్టుగా 5 సెకన్లకొకసారి 12 సార్లు, అంటే ఒక నిమిషం ప్రయత్నించి ఊరుకుంటుంది. మేము ఆ ప్రయత్నాల సంఖ్యను పెంచాం. అప్పటికీ వదలని లాక్‌ల కోసం, ఆ హోస్టు నిజంగా ఆగిపోయిందని నిర్ధారించుకున్న తరువాతే సర్వర్ మీద ఆ ఒక్క ఫైలును క్లోజ్ ఎస్ఎంబీ ఓపెన్ ఫైల్ ఆదేశంతో మూయాలని సహాయ సిబ్బందికి రాసిచ్చాం. నిర్ధారణ లేకుండా మూస్తే, బతికే ఉన్న సెషన్ కింద నుంచి డిస్కును లాగేసినట్లవుతుంది.

చిన్న చిన్న సర్దుబాట్లు ఇంకా కొన్ని ఉన్నాయి: వీహెచ్‌డీఎక్స్ ఫైళ్లను యాంటీవైరస్ స్కాన్ నుంచి మినహాయించడం, షేర్ మీద ఆఫ్‌లైన్ కాషింగ్ తీసేయడం, అప్‌డేట్లను క్లస్టర్ అవేర్ అప్‌డేటింగ్ ద్వారా ఒక్కో నోడ్‌కు విడివిడిగా వేయడం. ఈ చివరిదాని వల్ల మొదటి ప్రమాదానికి కారణమైన పగటి రీబూట్ మళ్లీ జరిగినా వినియోగదారులకు తెలియదు.

బ్యాకప్ గురించి సంస్థ ప్రతినిధులతో జరిగిన చర్చ కొంత దీర్ఘంగానే సాగింది. మూడు ప్రతులు ఉండగా బ్యాకప్ ఎందుకన్నది వారి ప్రశ్న. రెండో నెలలోనే దానికి జవాబు దొరికింది: ఒక హోస్టు బలవంతంగా ఆగినప్పుడు ఒక ఉద్యోగి కంటైనర్ లోపలి ఫైల్ సిస్టమ్ చెడిపోయింది. మిర్రర్ తన పని తాను చక్కగా చేసింది, చెడిన ఫైలునే మూడు చోట్ల భద్రంగా ఉంచింది. క్లస్టర్‌కు బయట ఉన్న నిల్వలోకి రాత్రివేళ తీసిన ప్రతి నుంచి ఆ కంటైనర్‌ను తిరిగి తెచ్చాం. చెడిన దానిని చెరపకుండా పక్కన ఉంచి, చదవడానికి మాత్రమే తగిలించి, ఆ రోజు తయారైన రెండు డాక్యుమెంట్లను అందులోంచి బయటికి తీయగలిగాం. డిస్‌కనెక్ట్ అయి వదిలేసిన సెషన్లను రాత్రి లాగాఫ్ చేయించే విధానం పెట్టింది కూడా ఇందుకే. తెరిచి ఉన్న కంటైనర్‌ను తీసిన బ్యాకప్, పవర్ పోయిన మెషీన్ నుంచి తీసిన డిస్కుతో సమానం.

ఇప్పుడు ఆ వ్యవస్థలో మూడు నెలలకొకసారి, ముందుగా ప్రకటించిన సాయంత్రం, ఒక నోడ్ కేబుళ్లు పీకి పంక్తుల మధ్య ఖాళీని కొలుస్తారు. దానితోపాటు విట్నెస్ జాబితాలో హోస్టులన్నీ ఉన్నాయో లేదో చూసే తనిఖీని రోజువారీ మానిటరింగ్‌లో చేర్చాం. ఈ మధ్య కొత్తగా రెండు సెషన్ హోస్టులను మరో సబ్‌నెట్‌లో చేర్చినప్పుడు, ఆ తనిఖీ అదే రోజు అలారం మోగించింది: అక్కడి ఫైర్‌వాల్‌లోనూ 445 ఒక్కటే తెరిచారు.